నీళ్ళ కూలర్ ఫ్యాన్లు లోపలికా, బయటికా? చంద్రపూర్ ఎండల్లో ఒక లెక్క

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో మార్చి సగం దాటిందంటే ఇంటింటా ఒకటే పని. మూలన పెట్టిన ఇనుప కూలర్ బయటికి వస్తుంది. పాత గడ్డి పీకేసి కొత్త గడ్డి పరుస్తారు, పంపు తిరుగుతోందో లేదో చూసి కిటికీకి ఆనిస్తారు. ఈసారి మా ఇంట్లో ఆ పని సాగుతుండగానే చంద్రపూర్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సీటీసీకి పోయి సామాను తెచ్చుకుని కొత్త కంప్యూటర్ బిగించుకుంటున్నాడు. కంప్యూటర్‌కు మెదడులాంటి ప్రాసెసర్‌ను చల్లబరచడానికి నీళ్ళ కూలర్ కొన్నాడు. అందులో నీళ్ళ వేడిని గాలికి వదిలే భాగాన్ని రేడియేటర్ అంటారు, వాడిది రెండు ఫ్యాన్లది.

“మామా, రేడియేటర్ ముందు పెట్టాల్నా, పైన పెట్టాల్నా? ఫ్యాన్లు గాలి లోపలికి ఊదాల్నా, బయటికి ఊదాల్నా? ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు.”

ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్పడంలో మోసం ఏమీ లేదు. ఎవరి గదిలో వాళ్ళు చూసిందే చెబుతున్నారు. 22 డిగ్రీల ఏసీ గదిలో కొలిచిన మాటను మనం మే నెలలో 40 డిగ్రీల గదికి తెచ్చుకుంటున్నాం, చిక్కు అక్కడుంది. మరాఠీ ఇరుగుపొరుగు నవతపా అనే ఆ తొమ్మిది రోజులు, మనం రోళ్ళు పగులుతాయనే రోహిణి కార్తె, ఈ జిల్లాలో ఏ యంత్రాన్నైనా నిలబెట్టి పరీక్షించే రోజులు. ఫ్యాన్ల దిశను కూడా ఆ రోజులను తలచుకునే నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం.

మా వాడి మాటల్లో ఇంకో ఆశ కూడా వినిపించింది. నీళ్ళతో పనిచేసే కూలర్ కదా, ఎండకాలంలో ప్రాసెసర్ చల్లగా ఉంటుందని. మన దగ్గర పెరిగినవాళ్ళకు ఆ ఆశ కలగడం సహజం. కిటికీ కూలర్ 45 డిగ్రీల వడగాలిని పీల్చి 30కి దగ్గరగా చేసి గదిలోకి వదలడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. కానీ అక్కడ పని చేసేది నీళ్ళు కాదు, నీళ్ళు ఆవిరి కావడం. గడ్డిలోని తడి ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని లాక్కుంటుంది. పొద్దున నింపిన తొట్టి మధ్యాహ్నానికి ఎంత తగ్గిందో చూస్తే ఆ చల్లదనం ఖరీదు తెలుస్తుంది. మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక అదే కూలర్ పెడితే ఉక్కపోతే తప్ప చల్లదనం ఉండదు, ఎందుకంటే గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, ఆవిరికి చోటు లేదు.

కంప్యూటర్‌లోని కూలర్‌లో ఆవిరి కావడమనే మాటే లేదు. నీళ్ళు, గడ్డకట్టకుండా తుప్పు పట్టకుండా కలిపిన మందు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటాయి. ప్రాసెసర్ మీద బిగించిన రాగి పలక వేడిని నీళ్ళకు అందిస్తుంది. చిన్న పంపు ఆ నీళ్ళను రేడియేటర్‌కు తోస్తుంది. అక్కడ సన్నటి అల్యూమినియం రేకుల సందుల్లోంచి ఫ్యాన్లు గాలిని నడిపిస్తాయి, వేడి గాలికి ఎక్కుతుంది. నీళ్ళు ఇక్కడ హమాలీలు, మూట ఒక చోట ఎత్తి ఇంకో చోట దించడమే వాటి పని. కాబట్టి రేడియేటర్‌కు తగిలే గాలి కంటే ఆ నీళ్ళు ఎన్నడూ చల్లబడవు. గాలి 40 ఉంటే నీళ్ళు 40కి పైనే. గాలి ఒక డిగ్రీ పెరిగితే నీళ్ళు ఒక డిగ్రీ, ప్రాసెసర్ కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతాయి. రేడియేటర్‌కు ఏ గాలి అందుతోంది, ఎవరి ఎంగిలి గాలి ఎవరికి పోతోంది అన్నదే దిశ గురించిన వాదన అంతటికీ మూలం.

దిశ మాట్లాడే ముందు ఫ్యాన్‌కు ముందు వెనక తెలియాలి. క్యాబినెట్, అంటే కంప్యూటర్ భాగాలన్నీ ఉండే పెట్టె, దాని ఫ్యాన్‌కు ఒక వైపు రెక్కలు బాహాటంగా కనిపిస్తాయి, అటు నుంచి గాలి లోపలికి పోతుంది. రెండో వైపు మోటారును పట్టుకున్న పుల్లల్లాంటి ఆధారాలు ఉంటాయి, అటు నుంచి బయటికి వస్తుంది. కొన్నిటి చట్రం మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. ఈ మధ్య అందం కోసం రివర్స్ బ్లేడ్ ఫ్యాన్లు వస్తున్నాయి, వాటిలో ఇదంతా తలకిందులు. అనుమానం ఉంటే ఊదుబత్తి వెలిగించి క్యాబినెట్ బయట, ఫ్యాన్ జాలీకి జానెడు దూరంలో పట్టండి. పొగ అబద్ధం చెప్పదు.

ముందా, పైనా

చాలా క్యాబినెట్లలో రేడియేటర్‌కు రెండు చోట్లే నిజంగా అక్కరకు వస్తాయి. ముందు పెట్టి బయటి గాలిని లోపలికి లాగడం ఒకటి. పైన పెట్టి లోపలి గాలిని బయటికి తోయడం రెండోది.

మా గదిలాంటి గదికే లెక్క వేద్దాం. గది 38 డిగ్రీలు. ప్రాసెసర్ 150 వాట్లు, తెర మీది బొమ్మల పని చూసే గ్రాఫిక్స్ కార్డ్ 300 వాట్లు తీసుకుంటున్నాయి. ఆ కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. క్యాబినెట్ గుండా నిమిషానికి 3 ఘనపు మీటర్ల గాలి పోతోందనుకుందాం. ఫ్యాన్ డబ్బాల మీద రాసే లెక్కలో ఇది 106 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 106 ఘనపు అడుగులు. అంత గాలి ప్రవాహం ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 55 వాట్లు పడతాయి.

రేడియేటర్ పైన ఉంటే ముందున్న మామూలు ఫ్యాన్ల నుంచి గ్రాఫిక్స్ కార్డ్‌కు 38 డిగ్రీల తాజా గాలి అందుతుంది. కార్డు తన 300 వాట్లను ఆ గాలిలో కలుపుతుంది, గాలి ఐదున్నర డిగ్రీలు పెరిగి 43.5 అవుతుంది. ఆ గాలే రేడియేటర్‌కు పోతుంది. వెనక ఫ్యాన్ కొంత వేడిని దారిలోనే లాగేస్తుంది కాబట్టి నిజంలో కాస్త తక్కువే ఉంటుంది.

రేడియేటర్ ముందు ఉంటే రేకుల అడ్డు వల్ల వచ్చే గాలే తగ్గుతుంది. నిమిషానికి 2 ఘనపు మీటర్లు అనుకుందాం, డిగ్రీకి 37 వాట్లు. రేడియేటర్‌కు 38 డిగ్రీల గాలి తగులుతుంది, ప్రాసెసర్ తాలూకు 150 వాట్లతో 4 డిగ్రీలు పెరిగి 42 డిగ్రీల గాలి గ్రాఫిక్స్ కార్డ్‌కు చేరుతుంది.

పైన పెడితే ప్రాసెసర్‌కు ఐదున్నర డిగ్రీల నష్టం, ముందు పెడితే కార్డుకు 4 డిగ్రీల నష్టం. ఇక్కడితో ఆగిపోయి ముందు పెట్టడమే మేలు అని తేల్చేవాళ్ళను చూశాను. లెక్క తప్పు కాదు గానీ అది రెండూ ఒకేసారి పూర్తి బరువు మోసేటప్పటి లెక్క. మీ కంప్యూటర్ రోజులో ఎన్ని గంటలు అలా పనిచేస్తుంది?

గేమ్ ఆడేవాళ్ళను తీసుకోండి. కార్డు నిండా పనిచేస్తుంది, ప్రాసెసర్ 80 వాట్ల దగ్గర సగం తీరికగా ఉంటుంది. దానికి 43 డిగ్రీల గాలి ఇచ్చినా పెద్ద నష్టం లేదు, ఎందుకంటే దాని హద్దు చాలా దూరం. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దాకా, ఏఎండీ రైజెన్ 7000 వరసలోవి ఎక్కువభాగం 95 దాకా తట్టుకునేలా తయారైనవే. గ్రాఫిక్స్ కార్డులకు అంత వెసులుబాటు లేదు. ఎన్విడియా వాళ్ళ జీఫోర్స్ కార్డులు చాలావరకు 83 డిగ్రీల ప్రాంతంలోనే వేగం తగ్గించుకోవడం మొదలుపెడతాయి, దానికి ముందే వాటి ఫ్యాన్లు గోల చేస్తాయి. తాజా గాలి కార్డుకు ఇవ్వడమే న్యాయం. రేడియేటర్ పైన.

ఇక ప్రాసెసర్ ఒక్కటే కష్టపడే పనులు ఉంటాయి. కోడ్ కంపైల్ చేయడం, పెద్ద ఫైళ్ళు కుదించడం లాంటివి. అప్పుడు కార్డు 20 వాట్లతో కునుకు తీస్తుంటుంది. అది గాలిని అర డిగ్రీ కూడా పెంచదు. క్యాబినెట్ లోపలి గాలి, గది గాలి దాదాపు ఒకటే. రేడియేటర్ పైన ఉన్నందుకు పోగొట్టుకునేది ఏమీ లేదు. ప్రాసెసర్‌కు బరువు ఎక్కువ కాబట్టి రేడియేటర్ ముందే ఉండాలన్న సలహా చాలాచోట్ల వినిపిస్తుంది, ఆ సలహాలో ఈ సంగతి మరిచిపోతున్నారు. రేడియేటర్‌ను పైన పెట్టినందుకు శిక్ష వేసేది గ్రాఫిక్స్ కార్డ్ వేడి మాత్రమే. అది లేనప్పుడు శిక్ష కూడా లేదు.

మిగిలింది ఒక్క సందర్భం, రెండూ గంటల తరబడి నిండా పనిచేయడం. ఎఫెక్టులతో నిండిన మూడు గంటల పెళ్ళి వీడియోను ఎక్స్‌పోర్ట్‌కు, అంటే చివరి ఫైలుగా తయారవడానికి, పెట్టడం సరిగ్గా అలాంటి పని. మా మేనల్లుడికి అది రోజువారీ వ్యవహారం.

అక్కడ ఇంకో హద్దు కూడా అడ్డొస్తుంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ప్రాసెసర్ 90కి పోయినా తట్టుకుంటుంది గానీ లోపలి నీళ్ళకు, పంపుకు అంత ఓపిక లేదు. చాలా యూనిట్లలో నీళ్ళ వేడి 60 దాటకూడదంటారు. అది దాటుతూ ఉంటే గొట్టాలు, సీళ్ళు, పంపు అన్నిటి ఆయుష్షు తగ్గుతుంది. 150 వాట్ల బరువు మీద రెండు ఫ్యాన్ల రేడియేటర్‌లోని నీళ్ళు తగిలే గాలికంటే పది పన్నెండు డిగ్రీలు పైన ఉంటాయని అనుకుంటే, 25 డిగ్రీల గదిలో ఇదంతా పట్టించుకోనక్కర లేదు. రేకుల కప్పు కింద 42 డిగ్రీల గదిలో సంగతి వేరు. ముందు పెడితే నీళ్ళు 54 దగ్గర ఆగుతాయి. పైన పెడితే 42కు కార్డు కలిపిన ఐదున్నర, దాని మీద పన్నెండు. హద్దు అంచున నిలబడ్డట్టే. అందుకే చల్లటి ఊళ్ళవాళ్ళు రెండు తీరులకూ తేడా లేదని కొట్టిపారేసే చోట మనకు తేడా ఉంది.

వేడి గాలి ఎలాగూ పైకే పోతుంది కాబట్టి పైన బయటికి తోయడమే ప్రకృతి ధర్మం అని ఒక వాదం వింటుంటాం. థర్మల్ ప్లాంట్ల దగ్గర కనిపించే నడుం సన్నటి కూలింగ్ టవర్లు ఆ ధర్మం మీదే నడుస్తాయి, నిజమే. అయితే వాటికి అంతంత ఎత్తు ఉంది. క్యాబినెట్ ఎత్తు అర మీటరు. లోపలి గాలి బయటికంటే 10 డిగ్రీలు వేడిగా ఉన్నా, అర మీటరు ఎత్తులో పుట్టే తోపు 0.17 పాస్కల్. రేడియేటర్ కోసం చేసిన మంచి ఫ్యాన్ గరిష్ఠంగా 2 మిల్లీమీటర్ల నీటి మట్టం ఒత్తిడి ఇస్తుంది, అంటే 20 పాస్కల్ దాకా. వేడి గాలి సొంత బలం అందులో వందో వంతు కూడా కాదు. ఫ్యాన్ ఎటు తోస్తే గాలి అటే పోతుంది.

దుమ్ము

చంద్రపూర్ జిల్లాలో వేడితో సమానంగా లెక్కలోకి తీసుకోవలసింది దుమ్ము. బొగ్గు గనులు ఒక పక్క, గడ్చందూర్ వైపు సిమెంటు, 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్ము రేడియేటర్ రేకుల మధ్య చేరితే పైన వేసిన లెక్కలన్నీ చెడిపోతాయి. నెలల తరబడి శుభ్రం చేయని రేడియేటర్‌ను ఏ దిశలో పెట్టినా ఒకటే.

ఇందులో మొదట చూడవలసింది గాలి ఒత్తిడి. లోపలికి తెచ్చే ఫ్యాన్ల కంటే బయటికి తోసేవి బలంగా ఉంటే క్యాబినెట్ ప్రతి సందులోంచీ గాలిని పీలుస్తుంది, దుమ్ము కూడా ప్రతి సందులోంచీ వస్తుంది, ఫిల్టర్ ఉన్న చోటా లేని చోటా. లోపలికి తెచ్చేవే బలంగా ఉంటే గాలి ఫిల్టర్ గుండా మాత్రమే వచ్చి సందుల్లోంచి బయటికి పోతుంది. పైన మూడు, వెనక ఒకటి బయటికి పెట్టి ముందు రెండే లోపలికి పెట్టిన క్యాబినెట్లు బోలెడు. రేడియేటర్ అడ్డు వల్ల పైవాటి జోరు కొంత తగ్గినా తూకం బయటి వైపే మొగ్గుతుంది. మన దగ్గర అది పనికిరాదు. రేడియేటర్ పైన పెడితే ముందు మూడు ఫ్యాన్లూ ఉండాల్సిందే.

రెండోది, ఫ్యాన్ రేడియేటర్‌కు ముందుండి గాలిని నెట్టాలా, వెనకుండి లాగాలా అన్నది. దీని మీద జరిగినంత చర్చ దేని మీదా జరిగి ఉండదు. నెట్టడం సాధారణంగా ఒకటి రెండు డిగ్రీలు మెరుగు, చాలాసార్లు అదీ కనిపించదు. శుభ్రం చేయడంలో మాత్రం తేడా చాలా ఉంది. ఫ్యాన్ ముందుండి నెడితే దుమ్ము ఫ్యాన్‌కూ రేకులకూ నడుమ దాక్కుంటుంది, ఫ్యాన్లు విప్పితే గానీ కనిపించదు. ఫ్యాన్ వెనకుండి లాగితే దుమ్మంతా రేడియేటర్ ముఖం మీదే పేరుకుంటుంది. ముందు జాలీ తీసి మెత్తటి బ్రష్‌తో రెండు నిమిషాల్లో దులపొచ్చు. మన ఇంటి కూలర్ కూడా లాగే రకమే. ఫ్యాన్ లోపల, గడ్డి బయట. దుమ్మంతా గడ్డికే పడుతుంది. ఒక డిగ్రీ వదులుకుని శుభ్రం చేసే వీలు సంపాదించుకోవడమే ఈ జిల్లాలో తెలివైన బేరం అని నేను గట్టిగా నమ్ముతాను.

రేడియేటర్‌ను క్యాబినెట్ అడుగున మాత్రం పెట్టకండి. గొట్టాల్లో ఎప్పుడూ కొంచెం గాలి ఉంటుంది, ఏళ్ళు గడిచే కొద్దీ నీళ్ళు గొట్టం గోడల గుండా కొద్దికొద్దిగా ఇగిరిపోయి ఆ గాలి పెరుగుతుంది. గాలి ఎత్తైన చోటుకే చేరుతుంది. ఆ ఎత్తైన చోటు పంపు అయిందంటే పంపు గలగలమంటూ ఎండిపోయి పాడవుతుంది. రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉంటే చాలు.

ఏ తీరు మేలో మీ గదిలో మీరే చూసుకోవాలంటే ఓపిక కావాలి. ఐదు నిమిషాలు నడిపి అంకెలు రాసుకోవద్దు. నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతాయి, అరగంట నిండా బరువు మోస్తే గానీ అసలు అంకె నిలకడకు రాదు. ఇంకో సంగతి, గది వేడిని కూడా ప్రతిసారీ రాసుకుని ప్రాసెసర్ వేడిలోంచి తీసేయండి. పొద్దున 8 గంటలకు ఒక తీరు, మధ్యాహ్నం 3 గంటలకు ఇంకో తీరు కొలిచి రెండోది చెడ్డదని తేల్చేస్తే అది ఫ్యాన్ల తప్పు కాదు, సూర్యుడిది.

ఆదివారం చంద్రపూర్ వెళ్ళి మా వాడి పెట్టె నేనూ వాడూ కలిసి విప్పాం. ముందు భాగంలో మూడు ఫ్యాన్లకు చోటుంది, రేడియేటర్ రెండింటిది. పై రెండు గడుల్లో రేడియేటర్ పెట్టి, ఫ్యాన్లు దాని లోపలి వైపు లాగేట్టు బిగించాం. కింది గడిలో మామూలు ఫ్యాన్ ఒకటి పెట్టాం. అది ఏ అడ్డూ లేకుండా బయటి గాలిని నేరుగా గ్రాఫిక్స్ కార్డ్ కిందికి పంపుతుంది, ముందు రేడియేటర్ వల్ల కార్డుకు జరిగే నష్టం సగం అక్కడే తీరుతుంది. వెనక ఒకటి, పైన వెనక మూలన ఒకటి బయటికి. పైన మిగిలిన ఖాళీ జాలీని అట్టతో మూసేశాం. మూడు లోపలికి, రెండు బయటికి. కార్డు పవర్ పరిమితిని 300 నుంచి 240 వాట్లకు తగ్గించమన్నాను. వేడి ఐదో వంతు తగ్గుతుంది, వేగం అంత తగ్గదు, ఎక్స్‌పోర్ట్‌కు ఇంకాసేపు ఎక్కువ పడుతుంది. వాడు కాస్త నసిగాడు, రోహిణి దాటాక మళ్ళీ పెంచుకుంటానన్నాడు. సరే అన్నాను.

బల్ల గోడకు ఆనించి వేసి ఉంది, క్యాబినెట్ వెనక ఊదిన వేడి గోడకు తగిలి మళ్ళీ ముందుకే వస్తోంది. జానెడు ఇవతలికి జరిపాం. అక్క దేవుడి గూట్లోంచి ఊదుబత్తి తెచ్చి ఇచ్చింది. ముందు పట్టుకుంటే పొగ మూడు చోట్లా లోపలికి పోయింది, వెనక పట్టుకుంటే గదిలోకి చెదిరింది.

చివరికి వాడి గది కూలర్ దగ్గరికి వచ్చాం. కిటికీకి బాగానే ఉంది, గడ్డి కొత్తదే, కానీ దాని గాలి నేరుగా క్యాబినెట్ మీదే కొడుతోంది. ఆ గాలితో నీటి తుంపర కూడా వస్తుంది, దుమ్ము మీద తడి పడితే బోర్డుకు మంచిది కాదు. కూలర్ జాలీ రెక్కలను పక్కకు తిప్పాం. ఎదురు తలుపు దుమ్ముకు భయపడి మూసి ఉంచుతున్నారట. తేమ గాలి బయటికి పోయే దారి లేకపోతే కూలర్ గదిని చల్లబరచలేదు, గది చల్లబడకపోతే రేడియేటర్ ఎటు తిరిగినా మిగిలేది ఐదు డిగ్రీలే. కూలర్ సరిగ్గా ఆడితే గది పది డిగ్రీలు దిగుతుంది. తలుపును నాలుగు వేళ్ళ మందం తెరిచి, మళ్ళీ మూసుకోకుండా కింద ఇటుక ముక్క పెట్టాం.